మార్చిలో ఐదుగురు, అక్టోబరుకు ఒక్కరు: డాడ్జర్స్ స్టార్టింగ్ పిచింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

క్రికెట్ చూస్తూ పెరిగి, అమెరికా వెళ్లాక బేస్‌బాల్‌కు అలవాటు పడ్డ తెలుగువాళ్లు ఏటా ఫిబ్రవరిలో ఒకటే ప్రశ్న వేస్తారు: “ఈసారి మన జట్టుకు పిచర్లు సరిపోతారా?” దానికి జవాబు ఎలా వెతకాలో చూపడానికి 2024 నాటి లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌ను మించిన ఉదాహరణ నాకు కనబడలేదు. డబ్బు కుమ్మరించిన జట్టు అది. పేర్లు చూస్తే కళ్లు తిరిగేవి. అయినా సీజన్ మొదలయ్యే ముందు, ఏప్రిల్ దాటాక ఎవరు పిచింగ్ చేస్తారో ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. అప్పట్లో జనం అడిగిన ప్రశ్నలనే ఇక్కడ తీసుకున్నాను. ఫలితం తెలిశాక రాస్తున్నవి కాబట్టి జవాబులు కాస్త ధైర్యంగానే ఉంటాయి.

స్టార్టింగ్ పిచర్ అంటే ఎవరు? క్రికెట్‌లో అతనికి సాటి ఎవరు?

ఆటలో తన జట్టు తరఫున మొదటి బంతి వేసేవాడు. అంతవరకే అయితే కొత్త బంతి బౌలర్ అనేయవచ్చు. కానీ మన దగ్గర ఓవర్ అయిపోగానే బంతి ఇంకొకరి చేతికి వెళ్తుంది, బౌలర్ బౌండరీ దగ్గర నిలబడి ఊపిరి తీసుకుంటాడు. ఇక్కడ స్టార్టర్‌ను మార్చేదాకా ప్రతి బంతీ అతనే వేయాలి. మార్చారంటే ఆ రోజుకు అతని పని అయిపోయినట్టే, రెండో స్పెల్ అనే మాటే లేదు.

ఆట తొమ్మిది ఇన్నింగ్స్. ఒక్కో ఇన్నింగ్స్‌లో ముగ్గురిని అవుట్ చేయాలి కాబట్టి మొత్తం 27 అవుట్లు తీయాలి. ఇప్పటి స్టార్టర్ సగటున ఐదు ఇన్నింగ్స్ పైచిలుకు వేస్తాడు, అంటే సుమారు 80 నుంచి 100 బంతులు. మిగతా భారం బుల్‌పెన్‌ది, అంటే తర్వాత వచ్చే రిలీవర్లది. పిచర్ పనితనాన్ని ఈఆర్ఏ అనే అంకెతో కొలుస్తారు. ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చిన పరుగులను తీసేసి, తొమ్మిది ఇన్నింగ్స్‌కు అతను సగటున ఎన్ని పరుగులు ఇచ్చాడన్న లెక్క అది. మూడుకు అటూ ఇటూ ఉంటే చాలా మంచిది, ఐదు దాటితే ఇంట్లో వాళ్లు కూడా టీవీ కట్టేస్తారు.

రొటేషన్‌లో ఐదుగురే ఎందుకు?

ఆరు నెలల్లో 162 ఆటలు ఆడాలి. దాదాపు రోజూ ఆట ఉన్నట్టే. ఒకసారి పిచింగ్ చేసినవాడికి నాలుగు రోజుల విశ్రాంతి ఇచ్చి ఐదో రోజు మళ్లీ దించుతారు. ఐదుగురు ఒక్కొక్కరు 32 ఆటలు మొదలుపెడితే 160 అవుతాయి, మిగిలిన రెండింటికి ఎవరో ఒకరు దొరుకుతారు. కాగితం మీద లెక్క ఇంత చక్కగా కుదురుతుంది కాబట్టే ప్రతి జట్టూ మార్చిలో ఐదు పేర్లు ప్రకటిస్తుంది, అభిమానులు ఆ ఐదు పేర్ల మీద వాదించుకుంటారు.

నేను ఆ పేర్లను పక్కన పెట్టి ఇన్నింగ్స్ లెక్కపెడతాను. ఆటకు ఐదు ఇన్నింగ్స్ చొప్పున వేసుకున్నా స్టార్టర్లు ఏడాదికి 810 ఇన్నింగ్స్ వేయాలి. ఈ 810 ఎవరెవరి భుజాల మీదుగా వస్తాయన్నదే సీజన్ ముందు అడగాల్సిన ప్రశ్న.

2024కు ముందు డాడ్జర్స్ అభిమానులు అంతగా ఎందుకు బెదిరారు?

2023 అక్టోబరు వల్ల. ఆ ఏడాది రెగ్యులర్ సీజన్‌లో వంద ఆటలు గెలిచిన జట్టు, ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ తర్వాతి నాకౌట్ సిరీస్‌ల్లో, అరిజోనా డైమండ్‌బ్యాక్స్ చేతిలో మూడుకు మూడూ ఓడి ఇంటికి వెళ్లింది. మొదటి ఆటలో క్లేటన్ కెర్షా ఒకే ఒక్క అవుట్ తీసి ఆరు పరుగులు ఇచ్చాడు. ఒక తరం మొత్తంలో అత్యుత్తమ పిచర్లలో ఒకడైన మనిషి అలా తల వంచుకుని మౌండ్ (పిచర్ నిలబడే మట్టిదిబ్బ) దిగుతుంటే ప్రత్యర్థి అభిమానులకే బాధ వేసింది. రెండో ఆటలో కొత్త కుర్రాడు బాబీ మిల్లర్ ఐదు అవుట్లకే దిగిపోయాడు. మూడో ఆటలో లాన్స్ లిన్ ఒకే ఇన్నింగ్స్‌లో నాలుగు హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) ఇచ్చాడు.

మూడు ఆటలూ కలిపి స్టార్టర్లు వేసినవి నాలుగు ఇన్నింగ్స్, పైన రెండు అవుట్లు. ఇచ్చినవి 13 పరుగులు. బ్యాటింగ్ సంగతి మాట్లాడే అవకాశమే రాలేదు. ఆ శీతాకాలంలో జట్టు యాజమాన్యం చేసినదంతా ఆ మూడు రాత్రులకు జవాబేనని నాకనిపిస్తుంది.

అంత డబ్బు పెట్టారు కదా, ఇంకా అనుమానం ఎందుకు మిగిలింది?

పెట్టిన డబ్బు మాట నిజం. షోహే ఒతానీకి పదేళ్లకు 70 కోట్ల డాలర్లు. యోషినోబు యమమోటోకు పన్నెండేళ్లకు 32.5 కోట్ల డాలర్లు, పిచింగ్ మాత్రమే చేసే ఎవరికీ అప్పటికి అంత పెద్ద ఒప్పందం దక్కలేదు. టంపా బే రేస్ నుంచి టైలర్ గ్లాస్నోను మార్పిడిలో తెచ్చుకుని ఐదేళ్లకు 13.65 కోట్ల డాలర్లు రాసిచ్చారు.

ఇప్పుడు అదే జాబితాను రెండో వైపు నుంచి చదవండి. ఒతానీకి 2023 సెప్టెంబరులో మోచేతికి శస్త్రచికిత్స జరిగింది, 2024లో బ్యాటింగ్ తప్ప పిచింగ్ చేయడని ముందే తెలుసు. (ఆ ఏడాది బ్యాటుతో 54 హోమ్ రన్లు కొట్టి 59 బేస్‌లు (పరుగు దారిలోని మజిలీలు) దొంగిలించాడు, అది వేరే పురాణం.) యమమోటో జపాన్‌లో వరుసగా మూడేళ్లు, అక్కడి ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సవామురా అవార్డు గెలిచినవాడే, కానీ అమెరికా లీగ్‌లో అప్పటికి ఒక్క బంతీ వేయలేదు. పైగా జపాన్‌లో స్టార్టర్లు వారానికి ఒక్కసారే దిగుతారు. గ్లాస్నో ఆరడుగుల ఎనిమిది అంగుళాల మనిషి, బంతి వేస్తే తాటిచెట్టు మీద నుంచి వేసినట్టుంటుంది. అయితే ఏ ఏడాదిలోనూ 120 ఇన్నింగ్స్ దాటలేదు. సన్మాన పత్రంలో ఉండే పేర్లన్నీ ఉన్నాయి, 810 ఇన్నింగ్స్‌కు మాత్రం భరోసా లేదు.

మిగతావాళ్ల సంగతి?

ఆ మార్చిలో డాడ్జర్స్ పిచర్ల జాబితా చదివితే ఎముకల వైద్యుడి దగ్గర వరుసలో కూర్చున్నవాళ్ల పేర్లు పిలిచినట్టుండేది. వాకర్ బ్యూలర్ మోచేతికి రెండోసారి శస్త్రచికిత్స జరిగింది 2022 ఆగస్టులో, అతనింకా తిరిగి రాలేదు. కెర్షాకు 2023 నవంబరులో భుజానికి శస్త్రచికిత్స, వేసవి సగం గడిస్తే గాని రాడు. టోనీ గోన్సోలిన్‌కు 2023 సెప్టెంబరులో మోచేయి, ఏడాదంతా పోయినట్టే. డస్టిన్ మేకు 2023 జులైలో మోచేయి. ఎమెట్ షీహన్ భుజం నొప్పితో సీజన్ ముందటి శిక్షణ శిబిరంలోనే ఆగిపోయాడు, మే నెలలో అతనికీ మోచేయి కోశారు.

నిలబడగలిగిన ఐదుగురితో రొటేషన్ వేశారు: గ్లాస్నో, యమమోటో, మిల్లర్, గావిన్ స్టోన్, జేమ్స్ పాక్స్టన్. మిల్లర్‌కు అది రెండో ఏడాది. స్టోన్ అంతకుముందు వచ్చిన కొద్ది అవకాశాల్లో చితికిపోయినవాడు. పాక్స్టన్ గాయాల చరిత్ర ఎంత పెద్దదంటే, వైద్య పరీక్షల తర్వాత అతని హామీ జీతాన్ని 70 లక్షల డాలర్లకు తగ్గించి సంతకం చేయించుకున్నారు.

టామీ జాన్ శస్త్రచికిత్స అంటే ఏమిటి? అందరికీ మోచేయే ఎందుకు పోతుంది?

మోచేతి లోపలి వైపు, పై ఎముకను కింది ఎముకను పట్టి ఉంచే చిన్న స్నాయువు ఒకటుంది. గంటకు 95 మైళ్లు దాటిన బంతి వేస్తున్నప్పుడు వంగిన చేయి కొరడాలా విదిలిస్తుంది, ఆ విదిలింపు భారమంతా దాని మీదే పడుతుంది. క్రికెట్ బౌలర్ చేయి నిటారుగా ఉంచాలి కాబట్టి మోచేయి చాలావరకు బతికిపోతుంది, అక్కడ దెబ్బ నడుముకు తగులుతుంది. బుమ్రా వెన్ను నొప్పి గురించి, 2025లో ఇంగ్లండ్‌లో ఐదు టెస్టుల్లో మూడే ఆడించడం గురించి మనవాళ్లు చేసిన చర్చ గుర్తుందా? డాడ్జర్స్ అభిమానులకు అలాంటి చర్చ పదిమంది పిచర్ల మీద రోజూ జరుగుతుంది.

తెగిన స్నాయువు తనంతట తాను సరిగా అతుక్కోదు. ముంజేతి నుంచో మరో చోటి నుంచో, లేకపోయినా పెద్దగా నష్టం లేని ఒక టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది) తీసి, ఎముకల్లో రంధ్రాలు చేసి అల్లుతారు. ఈ పద్ధతిని 1974 సెప్టెంబరులో మొదటిసారి చేసినవాడు డాడ్జర్స్ జట్టు వైద్యుడు ఫ్రాంక్ జోబ్, చేయించుకున్నవాడు డాడ్జర్స్ పిచర్ టామీ జాన్. ఆ రోజుల్లో అది దాదాపు జూదం. జాన్ 1976లో తిరిగొచ్చి ఇంకో 164 ఆటలు గెలిచాడు (బేస్‌బాల్‌లో గెలుపోటములను పిచర్ల పేరున కూడా రాస్తారు). యాభై ఏళ్ల తర్వాత అదే జట్టు ఆ శస్త్రచికిత్సల వల్ల స్టార్టర్ల కోసం తడుముకోవడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

కోలుకోవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. తిరిగి రావడం వేరు, పాత బంతి తిరిగి రావడం వేరు. వేగం వచ్చినా, బంతి అనుకున్న చోట పడడానికి ఇంకొన్ని నెలలు పట్టవచ్చు. పత్రికలు తిరిగొచ్చే తేదీ ఒక్కటే రాస్తాయి.

స్ప్రింగ్ ట్రైనింగ్ అంకెలను నమ్మవచ్చా?

నమ్మకండి. ఫిబ్రవరి మధ్యలో పిచర్లు, క్యాచర్లు (మన వికెట్ కీపర్ల లాంటివాళ్లు) అందరికంటే ముందు శిబిరానికి చేరతారు. డాడ్జర్స్ శిబిరం అరిజోనాలోని గ్లెండేల్‌లో. మొదటిసారి ఒక ఇన్నింగ్స్, తర్వాత రెండు, మూడు, అలా నెల చివరికి 80 బంతుల దాకా పెంచుతారు. ఆ ఆటల్లో పిచర్ గెలవడానికి ప్రయత్నించడు. కొత్తగా నేర్చిన బంతిని వరుసగా ఆరుసార్లు వేసి చూస్తాడు, దెబ్బలు తింటాడు, చిరునవ్వుతో దిగిపోతాడు. పైగా ఎడారి పొడి గాలిలో బంతి ఎక్కువ దూరం పోతుంది, తక్కువ వంపు తిరుగుతుంది.

చూడాల్సింది మూడే. బంతి వేగం నిరుటితో పోలిస్తే తగ్గిందా? ప్రతిసారీ బంతుల సంఖ్య పెరుగుతోందా? చెప్పిన రోజున దిగాడా, లేక “ముందుజాగ్రత్తగా” ఒకసారి వాయిదా వేశారా? ఆ మాట వినబడితే నేను ఆ పేరు పక్కన పెన్సిలుతో సున్నా చుడతాను.

సీజన్ ఎలా మొదలైంది?

దక్షిణ కొరియాలో. 2024 మార్చి 20, 21 తేదీల్లో సియోల్‌లో శాన్ డియాగో పాడ్రెస్‌తో రెండు ఆటలు. మొదటి రోజు గ్లాస్నో ఐదు ఇన్నింగ్స్ వేశాడు, డాడ్జర్స్ 5–2తో గెలిచింది. రెండో రోజు యమమోటో వచ్చాడు. ఒకే ఇన్నింగ్స్, ఐదు పరుగులు, అంతే. ఆట 15–11తో పోయింది. 32.5 కోట్ల డాలర్లను ఆ ఒక్క ఇన్నింగ్స్‌తో భాగించి చూపిన హాస్యానికి ఆ రోజు అంతు లేదు.

తొమ్మిది రోజుల తర్వాత అదే యమమోటో లాస్ ఏంజెలెస్‌లో ఐదు ఇన్నింగ్స్ ఒక్క పరుగూ ఇవ్వకుండా వేశాడు. దానికి ముందు రోజే మిల్లర్ ఆరు ఇన్నింగ్స్‌లో పదకొండు మందిని స్ట్రయికవుట్ చేశాడు, అంటే బంతిని సరిగా కొట్టనివ్వకుండానే అవుట్ చేశాడు. “చూశారా, అనవసరంగా భయపడ్డాం” అని అభిమానులు గుండె మీద చెయ్యేసుకున్నారు. మిల్లర్ ఆ ఏడాదిని 8.52 ఈఆర్ఏతో ముగించాడు. ఒక ఇన్నింగ్స్ చూసి ఏడ్చినవాళ్లూ తప్పే, ఒక ఆట చూసి మురిసినవాళ్లూ తప్పే.

ఐదుగురు ఉండగా ఆరో పిచర్ మాట మాటిమాటికీ ఎందుకు వస్తుంది?

యమమోటో కోసం కొంత, అందరి కోసం కొంత. జపాన్ అలవాటు ప్రకారం ఆరు రోజుల విశ్రాంతి తీసుకున్న చేతిని ఒక్కసారిగా నాలుగు రోజులకు దించడం ఎవరికీ ఇష్టం లేదు. మధ్యలో ఒక ఆటకు ఆరో మనిషిని దింపితే ఐదుగురికీ ఒక్కో రోజు అదనంగా దొరుకుతుంది.

కానీ ఉచితంగా ఏదీ రాదు. జట్టులో 26 మందే ఉండాలి, వారిలో పిచర్లు 13కు మించకూడదు. ఆరుగురు స్టార్టర్లయితే రిలీవర్లు ఏడుగురికి తగ్గుతారు. అప్పుడు ఎవరైనా స్టార్టర్ మూడో ఇన్నింగ్స్‌కే దిగిపోతే ఆ రాత్రే కాదు, తర్వాతి రెండు రోజులూ రిలీవర్ల చేతులు పడిపోతాయి.

ఎవరైనా గాయపడితే వెంటనే ఏం చేస్తారు?

పిచర్‌ను కనీసం 15 రోజులు గాయాల జాబితాలో పెట్టి, కింది స్థాయి జట్టు నుంచి మరొకరిని పిలుస్తారు. డాడ్జర్స్‌కు ఆ జట్టు ఓక్లహోమా సిటీలో ఉండేది. గాయం పెద్దదైతే 60 రోజుల జాబితా. దాని లాభం ఏమిటంటే, ఒప్పందమున్న 40 మంది పెద్ద జాబితాలో ఒక ఖాళీ ఏర్పడుతుంది. ఇంకా “ఆప్షన్” అనేది ఒకటుంది. కొందరు యువ ఆటగాళ్లను కిందికి పంపి మళ్లీ పిలవవచ్చు, అయితే ఒక సీజన్‌లో ఐదుసార్లకు మించి పంపడానికి 2022 నుంచి వీల్లేదు.

ఈ గుమాస్తా లెక్కలు విసుగ్గా ఉంటాయి, ఒప్పుకుంటాను. కానీ సీజన్ నిలబడేది వీటి మీదే. లాండన్ నాక్ పేరు మార్చిలో మామూలు అభిమానుల్లో ఎంతమందికి తెలుసు? అతను ఆ ఏడాది 12 ఆటలు మొదలుపెట్టాడు, 3.65 ఈఆర్ఏతో. కాబట్టి ఐదో స్టార్టర్ ఎవరన్న వాదనలో నేను చేరను. ఎనిమిదోవాడు ఎవరో చెప్పండి, అతను ఫర్వాలేదనిపిస్తే ఆ జట్టు ఫర్వాలేదు.

చివరికి ఆ ఐదుగురు ఏమయ్యారు?

పాక్స్టన్ 18 ఆటలు మొదలుపెట్టాడు, ఎనిమిది గెలిచి రెండే ఓడాడు. అయినా జులైలో వదిలించుకుని బోస్టన్‌కు పంపేశారు. మిల్లర్ భుజం వాచి కొన్నాళ్లు, లయ తప్పి కొన్నాళ్లు కిందే గడిపాడు, 13 ఆటలు. యమమోటో జూన్ మధ్యలో భుజం గాయంతో ఆగి సెప్టెంబరులో తిరిగొచ్చాడు, 18 ఆటలు. గ్లాస్నో 22 ఆటలు, 134 ఇన్నింగ్స్. అతని జీవితంలో అదే గరిష్ఠం, కానీ ఆగస్టు మధ్యలో మోచేయి పట్టేసింది, మళ్లీ దిగలేదు. ఎవరూ లెక్కలోకి తీసుకోని స్టోన్ 25 ఆటలు, 140 ఇన్నింగ్స్ పైచిలుకు వేసి 11 గెలిచాడు, జట్టు మొత్తంలో అతను మోసినదే పెద్ద భారం. ఆగస్టు చివర అతని భుజమూ పోయింది.

కూడితే 96. అంటే 162 ఆటల్లో మార్చి నాటి ఐదుగురు మొదలుపెట్టినవి అంతే. మిగిలిన 66 ఇతరులవి. ఈఆర్ఏ పట్టికలో పేరు రావాలంటే 162 ఇన్నింగ్స్ కావాలి, డాడ్జర్స్‌లో ఒక్కరూ ఆ దరికి రాలేదు.

గాయాల నుంచి కోలుకుంటున్నవాళ్ల కథలూ అంతే. డస్టిన్ మే మోచేయి నయమవుతున్న సమయంలో, జులైలో సలాడ్ తింటుంటే ఆకు గొంతుకు అడ్డం పడి అన్నవాహిక చిరిగింది, దానికి అత్యవసర శస్త్రచికిత్స చేయాల్సి వచ్చింది. పాపం, పిచర్లకు పచ్చికూర కూడా అచ్చిరాదని ఎవరనుకుంటారు! కెర్షా జులై చివర వచ్చి ఏడు ఆటలు ఆడాడు, కాలి వేలి బాధతో ఆగిపోయాడు.

అన్నట్టు, గ్లాస్నో కోసం రేస్‌కు ఇచ్చేసిన రయన్ పెపియో ఆ ఏడాది అక్కడ 26 ఆటలు మొదలుపెట్టాడు.

అయినా ఎలా గెలిచారు?

రెగ్యులర్ సీజన్‌లో 98 విజయాలు, లీగ్ మొత్తంలో అవే ఎక్కువ. బ్యాటింగ్ బలం దానికి పెద్ద కారణం, దాచడానికేమీ లేదు. జులై 30న డెట్రాయిట్ నుంచి జాక్ ఫ్లాహర్టీని తెచ్చుకోవడం రెండో కారణం. అప్పటికి అతను అద్భుతమైన పిచర్ అని కాదు, చేయి నొప్పి లేకుండా ఐదో రోజు దిగగలడు. ఆ వేసవిలో డాడ్జర్స్‌కు అంతకంటే విలువైన గుణం లేదు.

ప్లేఆఫ్స్‌కు ముగ్గురు స్టార్టర్లు మిగిలారు: యమమోటో, ఫ్లాహర్టీ, బ్యూలర్. మార్చి ఐదుగురిలో యమమోటో ఒక్కడే. ఆ ముగ్గురిలో ఎవరూ దిగలేని రోజున “బుల్‌పెన్ గేమ్” ఆడారు, అంటే స్టార్టర్ అంటూ లేకుండా రిలీవర్లే వరుసగా ఒకటి రెండు ఇన్నింగ్స్ పంచుకోవడం. పాడ్రెస్‌తో సిరీస్‌లో 2–1తో వెనకబడి, ఓడితే ఇంటికే అన్న రోజున ఎనిమిది మంది పిచర్లు కలిసి 8–0తో గెలిపించారు. ఆ అక్టోబరులో అలాంటి ఆటలు నాలుగు, రెండు గెలిచి రెండు ఓడారు. పాడ్రెస్‌తో మొదలై న్యూయార్క్ మెట్స్‌తో మొదటి ఆట దాకా సాగిన వరుస 33 ఇన్నింగ్స్‌లో ప్రత్యర్థికి పరుగే ఇవ్వకుండా, 1966లో బాల్టిమోర్ నెలకొల్పిన రికార్డును సమం చేశారు. స్టార్టర్లు లేరని ఏడ్చిన జట్టు!

బుల్‌పెన్ గేమ్ అంత బాగా పనిచేస్తే స్టార్టర్లెందుకు?

తెలివైన ప్రశ్న. ఆలోచన కొత్తదేమీ కాదు. 2018లో టంపా బే మొదటి ఇన్నింగ్స్‌కు రిలీవర్‌ను దింపి, తర్వాత అసలు పిచర్‌ను తెచ్చే “ఓపెనర్” పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. ఒకే పిచర్‌ను బ్యాటర్లు మూడోసారి ఎదుర్కొన్నప్పుడు బాగా కొడతారన్నది అందరూ ఒప్పుకునే విషయం. అలాంటప్పుడు ఆ మూడోసారి దాకా ఎందుకు ఉంచాలి?

అక్టోబరులో ప్రయాణ రోజులు ఖాళీగా ఉంటాయి, మర్నాటి గురించి బెంగ తక్కువ. జూన్‌లో పదమూడు రోజుల్లో పదమూడు ఆటలున్నప్పుడు ఇదే చేస్తే రిలీవర్లలో సగం మంది ఆస్పత్రిలో ఉంటారు. పైగా ఎనిమిది మందిని దింపితే వారిలో ఒకరికి చెడ్డ రోజు ఎదురయ్యే అవకాశం పెరుగుతుంది. వరల్డ్ సిరీస్ (అంటే ఫైనల్) నాలుగో ఆటలో న్యూయార్క్ యాంకీస్ చేతిలో 11–4తో అలాగే ఓడారు.

ఆ అనిశ్చితి మొత్తాన్ని ఒక్క మనిషిలో చూడాలంటే?

బ్యూలర్. మే 6న దాదాపు రెండేళ్ల తర్వాత మౌండ్ ఎక్కాడు. సీజన్‌లో 16 ఆటలు, ఒక్క విజయం, ఆరు ఓటములు, 5.38 ఈఆర్ఏ. ఆగస్టులో అతన్ని ప్లేఆఫ్స్‌కు తీసుకోవద్దని వాదించినవాళ్లలో నేనూ ఉన్నాను, దాచుకోను. వరల్డ్ సిరీస్ మూడో ఆటలో ఐదు ఇన్నింగ్స్ సున్నా పరుగులు. ఒక్క రోజు విశ్రాంతి తర్వాత ఐదో ఆట. ఫ్లాహర్టీ రెండో ఇన్నింగ్స్‌లోనే దిగిపోయాడు, 5–0తో వెనకబడ్డారు, ఎలాగో 7–6కు చేరారు. బుల్‌పెన్‌లో మనుషులు అయిపోయారు. తొమ్మిదో ఇన్నింగ్స్‌కు తలుపు తెరుచుకుని బ్యూలర్ నడిచి వచ్చాడు. ముగ్గురు వచ్చారు, ముగ్గురూ వెళ్లారు. కప్పు డాడ్జర్స్‌ది.

2025లో ఆ సమస్య తీరిందా?

తీరలేదు, చోటు మార్చుకుంది. బ్లేక్ స్నెల్‌ను, జపాన్ నుంచి రోకి ససాకిని తెచ్చారు. స్నెల్ రెండు ఆటలాడి ఆగస్టు దాకా ఆగాడు, ససాకి మేలో భుజం పట్టుకున్నాడు, గ్లాస్నో ఏప్రిల్ నుంచి జులై దాకా లేడు. ఒతానీ జూన్‌లో మళ్లీ పిచింగ్ మొదలుపెట్టాడు. ఈసారి గాయాలు ముందే వచ్చి పోయాయి, అక్టోబరుకు యమమోటో, స్నెల్, గ్లాస్నో, ఒతానీ నలుగురూ నిలబడ్డారు, ససాకి రిలీవర్‌గా మారాడు. టొరంటోతో వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో యమమోటో 96 బంతులు వేసి, మర్నాడే ఏడో ఆటలో వచ్చి చివరి ఎనిమిది అవుట్లు తీశాడు. సియోల్‌లో నవ్వినవాళ్లు ఆ రాత్రి ఏమన్నారో వినాలని ఉండేది.

డబ్బున్న జట్టు కాబట్టి నడిచింది, మా జట్టు సంగతేమిటి?

న్యాయమైన ఫిర్యాదే. అందరూ జులైలో ఫ్లాహర్టీని కొనలేరు. టంపా బేలాంటి చోట కుర్రాళ్లను తయారు చేసుకుంటారు, జీతం పెరిగే వేళకు మార్పిడిలో పంపి మరో పెపియోను తెచ్చుకుంటారు. ఇంకొందరు నాలుగున్నర ఈఆర్ఏతో అయినా ఏడాదికి 30 ఆటలు తప్పకుండా దిగే అనుభవజ్ఞుడిని తక్కువ జీతానికి పట్టుకుంటారు. అతని బొమ్మ ఉన్న చొక్కా ఎవరూ కొనరు. కానీ ఆగస్టులో అతని విలువ శిక్షకుడిని అడగాలి.

మన దేశ మూలాలున్న స్టార్టింగ్ పిచర్ ఎవరైనా ఉన్నారా?

టెక్సస్ రేంజర్స్‌లో కుమార్ రాకర్ ఉన్నాడు. తల్లి లలిత తల్లిదండ్రులు భారతదేశం నుంచి వలస వెళ్లినవారు. అతని కథా చేతి చుట్టూనే తిరుగుతుంది. 2021లో డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట, మెట్స్ మొదటి రౌండులోనే ఎంచుకుంది, వైద్య పరీక్షల తర్వాత సంతకం పెట్టలేదు. మర్నాటి ఏడు టెక్సస్ మూడో స్థానంలోనే తీసుకుంది. 2023లో టామీ జాన్ శస్త్రచికిత్స, 2024 సెప్టెంబరులో పెద్ద లీగ్ ప్రవేశం.

హైదరాబాదులోనో విశాఖలోనో ఉండి చూడాలంటే ఏ సమయానికి?

వేసవి సమయం అమల్లో ఉన్నప్పుడు లాస్ ఏంజెలెస్‌కు మనకు పన్నెండున్నర గంటల తేడా. అక్కడ రాత్రి 7.10కి మొదలయ్యే ఆట మనకు మర్నాటి ఉదయం 7.40కి వస్తుంది, ఫిల్టరు కాఫీ వేళకు మూడో ఇన్నింగ్స్. వరల్డ్ సిరీస్ ఆటలు ఇంకాస్త ముందే, తెల్లవారుజామున ఐదున్నర దాటాక. బ్యూలర్ నడిచి వచ్చిన ఆ ఐదో ఆట మనకు 2024 అక్టోబరు 31, దీపావళి పొద్దున పడింది. తలంటు పోసుకుని వచ్చి కూర్చుంటే డాడ్జర్స్ ఐదు పరుగులు వెనక ఉంది. వంటింట్లోంచి పిలుపు వచ్చినా లేవకుండా కూర్చున్నవాళ్లకే చివరి మూడు అవుట్లు దక్కాయి.